షుగరు ఉన్నవారికి డిమెన్షియా ముప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి నలభై ఆరో ఏట షుగరు బయటపడింది. డెబ్బై రెండో ఏట మతిమరుపు మొదలైంది. అది డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతిని రోజువారీ పనులు సాగని జబ్బు. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చని ఆ ఇరవై ఆరేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏటా కళ్లు చూపించాం, కిడ్నీ పరీక్షలు చేయించాం, పాదాలకు చిన్న గాయమైనా కంగారుపడ్డాం. మెదడు సంగతి మాత్రం తలపుకే రాలేదు. ఆయనను చూసుకుంటున్న ఈ ఏళ్లలో బంధువులు, ఇరుగుపొరుగువారు, నాన్నగారి స్నేహితుల పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. జవాబులు వైద్యులను అడిగి, పరిశోధనలు చదివి తెలుసుకున్నవి. నేను వైద్యురాలిని కాను. మాత్ర మార్చాలన్నా, ఇన్సులిన్ తగ్గించాలన్నా మీ డాక్టరుతో మాట్లాడాకే చేయండి.

షుగరు ఉన్నవారందరికీ డిమెన్షియా వస్తుందా?

రాదు. షుగరు ఉన్నవారిలో ఎక్కువమందికి చివరిదాకా జ్ఞాపకం, తెలివి చక్కగానే ఉంటాయి. కాకపోతే షుగరు లేనివారికంటే వీరికి ముప్పు ఎక్కువన్నది నిజం. దాదాపు 23 లక్షల మంది వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2016లో వచ్చింది. టైప్ 2 మధుమేహం (పెద్దవారిలో సాధారణంగా కనిపించే రకం షుగరు) ఉంటే ఆడవారికైనా మగవారికైనా డిమెన్షియా ముప్పు సుమారు 60 శాతం ఎక్కువని అందులో తేలింది. శాతాలు చదివితే గుండె జారుతుంది కాబట్టి ఇంకోలా చెబుతాను. షుగరు లేని పెద్దవారు వందమందిలో పదిమందికి ఈ జబ్బు వస్తుందనుకుందాం. అదే వయసున్న షుగరు రోగులు వందమందిలో సుమారు పదహారుమందికి వస్తుంది. మిగిలిన ఎనభై నలుగురికి రాదు.

మెదడులోని రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకం డిమెన్షియాలో తేడా ఇంకా పెద్దది. ఆ విశ్లేషణలో షుగరు ఉన్న ఆడవారికి ఈ రకం ముప్పు రెట్టింపు దాటింది.

మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్కగట్టింది. అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని మరో జాతీయ అధ్యయనం చెప్పింది. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఇది ఎక్కువగా కనిపించింది. ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో ఈ రెండూ కలవడం ఇక అరుదైన సంగతి కాదు.

వయసు మీద పడితే మరిచిపోవడం మామూలే కదా? డిమెన్షియా అని ఎలా అనుకోవాలి?

తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోయి వెతుక్కుంటే అది వయసు. చేతిలో ఉన్న తాళంచెవితో ఏం చేయాలో తోచకపోతే అది అనుమానించాల్సిన విషయం. పెళ్లిలో కనిపించిన దూరపు చుట్టం పేరు గుర్తురాకపోవడం పెద్ద సంగతి కాదు. నలభై ఏళ్లుగా పెడుతున్న పులుసులో చింతపండు వేయడం మరిచిపోవడం, రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తప్పడం, చిల్లర లెక్క తేలక దుకాణంలో నిలబడిపోవడం, అడిగిన మాటనే పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం వేరు. రోజువారీ పనులు దెబ్బతింటున్నాయా అన్నదే చూడాల్సింది.

మన ఇళ్లలో దీనికి 'చాదస్తం' అని ఒక పేరు పెట్టేసి ఊరుకుంటాం. మేమూ ఏడాదిన్నర అలాగే ఊరుకున్నాం. ఆ ఏడాదిన్నర తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రక్తంలో చక్కెరకూ మెదడుకూ ఏమిటి సంబంధం?

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే. శరీరం వాడే శక్తిలో మాత్రం ఐదో వంతు దానిదే. ఆ శక్తి ప్రధానంగా గ్లూకోజు నుంచే వస్తుంది. దాన్ని చేరవేసేవి వెంట్రుకకంటే సన్నటి రక్తనాళాలు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు మందమై, బిరుసెక్కి, అక్కడక్కడ మూసుకుపోతాయి. కంటి వెనక పొరలోనూ కిడ్నీలోనూ జరిగేది ఇదే. కంటిలో జరిగితే చూపు మందగిస్తుంది, కిడ్నీలో జరిగితే మూత్రంలో ప్రోటీను పోతుంది. మెదడులో జరిగితే చాలాకాలం ఏమీ తెలియదు. అతి చిన్న పక్షవాతాలు, చెయ్యీ కాలూ పడిపోనివి, మూతి వంకర పోనివి, ఒకటి తరువాత ఒకటి వచ్చిపోతాయి. స్కానింగ్ తీసినప్పుడు మాత్రమే మచ్చల్లా బయటపడతాయి. మా నాన్నగారి స్కానింగులో అలాంటివి ఐదు కనిపించాయి. ఒక్కదాని సంగతీ ఆయనకు తెలియదు, మాకూ తెలియదు.

రెండో దారి రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే హార్మోను ఇన్సులిన్‌ది. మెదడు కణాలకు కూడా ఇన్సులిన్ కావాలి. జ్ఞాపకాలను నిలిపే భాగంలో దాని పాత్ర ఉంది. టైప్ 2లో శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గినట్టే మెదడు కూడా వినడం తగ్గుతుందని పరిశోధకులు గుర్తించారు. ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. ఆల్జీమర్స్ అనే, అన్నింటికంటే ఎక్కువగా కనిపించే రకం డిమెన్షియాలో మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్ అనే ప్రోటీనునూ, ఇన్సులిన్‌నూ విరగ్గొట్టే ఎంజైము ఒకటే. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై ఆ ఎంజైము దానితోనే సతమతమైతే అమిలాయిడ్‌ను ఊడ్చే పని వెనకబడవచ్చన్నది ఒక వివరణ. ఇది పూర్తిగా రుజువైన విషయం కాదు.

వీటికి అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్, బరువు తోడవుతాయి. షుగరు ఒంటరిగా రావడం తక్కువ.

దీన్ని 'టైప్ 3 డయాబెటిస్' అంటారట, నిజమేనా?

ఆ పేరు 2005లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సుజాన్ డి లా మోంటే బృందం వాడింది. ఆల్జీమర్స్ వచ్చిన మెదడులో ఇన్సులిన్ పని దెబ్బతిన్న తీరును చెప్పడానికి పెట్టిన పేరు అది. వైద్యంలో గుర్తింపు పొందిన జబ్బు పేరు కాదు. ఈ పేరుతో ఎవరైనా మందో పొడో అమ్మజూపితే కొనకండి.

ఏ వయసులో షుగరు వస్తే ఎక్కువ భయపడాలి?

ఎంత చిన్న వయసులో వస్తే అంత జాగ్రత్త కావాలి. నా దృష్టిలో మొత్తం విషయంలోకెల్లా మన వాళ్లు తెలుసుకోవలసింది ఇదే.

లండన్‌లోని ప్రభుత్వోద్యోగులు పదివేల మందిని 1985 నుంచి వెంబడించిన అధ్యయనం ఒకటుంది. పేరు వైట్‌హాల్ 2. దాని ఫలితాలు 2021లో వచ్చాయి. డెబ్బై ఏళ్ల వయసులో షుగరు లేనివారిలో వెయ్యిమందికి ఏడాదికి 8.9 మందికి డిమెన్షియా వచ్చింది. గత ఐదేళ్లలోపే షుగరు వచ్చినవారిలో అది 10 మంది. ఆరు నుంచి పదేళ్ల కిందట వచ్చినవారిలో 13. పదేళ్లకు ముందే వచ్చినవారిలో 18.3. షుగరు ఐదేళ్లు ముందు వచ్చినకొద్దీ ముప్పు సుమారు 24 శాతం చొప్పున పెరిగింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. దక్షిణాసియా వాళ్లకు తెల్లవారికంటే ముందుగానే, తక్కువ బరువుకే షుగరు వస్తుంది. ముప్పై ఐదుకే మాత్రలు మొదలుపెట్టిన ఐటీ ఉద్యోగులు, నలభైకే ఇన్సులిన్ మీదకు వెళ్లిన లారీ డ్రైవర్లు మన మధ్యే ఉన్నారు. అంటే డెబ్బై ఏళ్లు వచ్చేసరికి వాళ్ల మెదడు ముప్పై, ముప్పై ఐదేళ్ల షుగరును మోసి ఉంటుంది. నలభైలో ఉన్న మనిషి "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని మాత్ర మానేసినప్పుడు నాకు కోపం కాదు, దిగులు వేస్తుంది. మెదడును కాపాడుకునే వయసు అదే. డెబ్బైలో చేయగలిగింది తక్కువ.

అయితే షుగరు ఎంత తగ్గిస్తే అంత మంచిదన్నమాట?

కాదు. ఇక్కడే చాలా కుటుంబాలు పొరపాటు పడుతున్నాయి, మేమూ పడ్డాం.

నాన్నగారు షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకునేవారు. ఒక ఉదయం వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకున్నారు. టిఫిను తిన్నానని చెప్పారు, తినలేదు. పదకొండు గంటలకు వసారాలో కూర్చుని చెమటతో తడిసిపోయి, నన్ను మా మేనత్త పేరుతో పిలుస్తున్నారు. జబ్బు ముదిరిందని మేమంతా ఏడుపు ముఖాలు పెట్టుకుని నిలబడ్డాం. పక్కింటి ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. "ముందు వేలు గుచ్చి చూడండమ్మా" అన్నారు. షుగరు 48 ఉంది. పంచదార నీళ్లు తాగించాం. ఇరవై నిమిషాల తరువాత ఆయన మా వంక చూసి, "అందరూ ఇలా నిలబడ్డారేమిటి?" అన్నారు.

లో షుగర్, అంటే రక్తంలో చక్కెర బాగా పడిపోవడం, మెదడుకు నేరుగా దెబ్బ. అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలో సుమారు 16,700 మంది టైప్ 2 రోగుల వివరాలు పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రికి తీసుకెళ్లేంత లో షుగర్ ఒక్కసారి వచ్చినవారిలోనూ డిమెన్షియా ముప్పు పెరిగింది. మూడుసార్లు, అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవారిలో దాదాపు రెట్టింపైంది. ఇది రెండువైపులా తిరిగే చక్రం. లో షుగర్ మతిమరుపును పెంచుతుంది, మతిమరుపు వల్ల మాత్ర రెండుసార్లు పడి లో షుగర్ వస్తుంది.

షుగరును మరీ గట్టిగా అదిమిపెడితే మెదడు బాగుపడుతుందా అన్నది అకార్డ్ అనే పెద్ద ప్రయోగంలో పరీక్షించారు. ఒక బృందంలో మూడు నెలల సగటును, అంటే హెచ్‌బీఏ1సీని, 6 కంటే కిందకు తేవాలని చూశారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మామూలు చికిత్స పొందినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. పైగా ఆ బృందంలో మరణాలు పెరగడంతో 2008లో ఆ గట్టి చికిత్సను ఆపేశారు.

అందుకే పెద్దవారికి లక్ష్యం సడలుతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచన ప్రకారం, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ 7 నుంచి 7.5 లోపు ఉంటే చాలు. మూడు, అంతకంటే ఎక్కువ దీర్ఘకాలిక జబ్బులున్నా, డిమెన్షియా తొలి, మధ్య దశల్లో ఉన్నా 8 లోపు సరిపోతుంది. డిమెన్షియా ముదిరిన మనిషి విషయంలో ఆ అంకెను పట్టుకుని వేలాడకుండా లో షుగర్ రాకుండా, అతిదాహం, అతిమూత్రం లేకుండా చూడటమే లక్ష్యం. డెబ్బై ఎనిమిదేళ్ల తండ్రికి "మా నాన్నకు 6.2 ఉంది" అని మురిసిపోయే కొడుకులను చూశాను. ఆ అంకె ఏ మందులతో వచ్చిందో డాక్టరును అడగండి. లో షుగర్ తెచ్చే గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడుతూ వచ్చినదైతే ఆ మాట ఇంకా తొందరగా అడగండి.

తికమకగా ఉన్నది లో షుగర్ వల్లా, డిమెన్షియా వల్లా? ఎలా తెలుస్తుంది?

డిమెన్షియా నెలలూ ఏళ్లూ తీసుకుని వస్తుంది. లో షుగర్ నిమిషాల్లో వస్తుంది. పొద్దున బాగున్న మనిషి మధ్యాహ్నానికి అయోమయంగా ఉంటే, చెమటలు, వణుకు, విసుగు, అకారణంగా కోపం, తూలడం, మగత ఉంటే, ముందు గ్లూకోమీటరు తీయండి. ఆలోచించడం తరువాత. వయసు పైబడినవారిలో చెమట, వణుకు కనిపించకుండా కేవలం తికమకే కనిపించవచ్చు, అందుకే ఇది మోసం చేస్తుంది.

70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. పెరిగాక అన్నమో ఇడ్లీయో తినిపించాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రల వల్ల వచ్చిన లో షుగర్ కొన్ని గంటల తరువాత తిరిగి రావచ్చు, కాబట్టి ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండి డాక్టరుకు ఫోను చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేయండి.

మీటరు అందుబాటులో లేకపోతే? అనుమానం ఉన్నప్పుడు, మనిషి మింగగలిగితే, పంచదార ఇవ్వడమే మంచిది.

హఠాత్తుగా తికమక రావడానికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, పడినప్పుడు తలకు తగిలిన దెబ్బ, పక్షవాతం కూడా కారణాలు. షుగరు మామూలుగా ఉండీ తికమక ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అమ్మ కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసం ఉంటుంది. ఫరవాలేదా?

అమ్మ ఏ మందు వాడుతోందన్నదాని మీద ఉంటుంది. లో షుగర్ తెచ్చే మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ, రోజూ వేసుకునే మోతాదే వేసుకుని, చుక్క పొడిచేదాకా తినకుండా ఉంటే ప్రమాదం. రంజాన్ ఉపవాసాలుండే పెద్దవారికీ ఇదే వర్తిస్తుంది. పండుగకు వారం ముందే డాక్టరును కలిస్తే మోతాదు మార్చి చెబుతారు. మతిమరుపు మొదలైన మనిషిని మాత్రం ఉపవాసం ఉండనివ్వకండి. మా అమ్మ నాన్నగారి తరపున తానే ఉపవాసం ఉంటానని మొక్కుకుని ఆయనకు అన్నం పెట్టేది.

షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడితే మతిమరుపు వస్తుందని విన్నాను. మానేయాలా?

మానకండి. అందులో ఉన్న నిజం ఇది: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది. బీ12 తగ్గితే మతిమరుపు, తికమక, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు వస్తాయి. తిమ్మిర్లను షుగరు ఖాతాలో, మతిమరుపును వయసు ఖాతాలో వేసేస్తాం, అసలు దొంగ దొరకడు. శాకాహారులకు ఇది మరీ సులువుగా వస్తుంది. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో సరిదిద్దవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడే ప్రతివారూ మధ్యమధ్య బీ12 చూపించుకోవాలి. మతిమరుపు మీద డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు బీ12తో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి.

డిమెన్షియా రాకుండా ఆపే షుగరు మందు ఏదైనా ఉందా?

ఇప్పటిదాకా ఏదీ అలా రుజువు కాలేదు. కొత్తరకం మందులు వాడేవారిలో డిమెన్షియా కొంత తక్కువగా కనిపించిందని రోగుల రికార్డులు చూసిన అధ్యయనాలు చెప్పాయి. దానితో ఆశలు పెరిగాయి. అయితే తొలిదశ ఆల్జీమర్స్ రోగులకు, ఆ కొత్తరకం షుగరు మందుల్లో ఒకటైన సెమాగ్లుటైడ్ మాత్ర ఇచ్చి చూసిన రెండు పెద్ద ప్రయోగాల్లో జబ్బు నెమ్మదించలేదని 2025 నవంబరులో ప్రకటించారు. వచ్చిన జబ్బును ఆపడం, రాకుండా చూడటం వేరువేరు ప్రశ్నలు కాబట్టి పరిశోధన సాగుతూనే ఉంటుంది. గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తాయని మీ డాక్టరు ఆ మందులు రాస్తే ఆ కారణానికి వాడండి. జ్ఞాపకశక్తి కోసమని సొంతంగా కొనుక్కోకండి.

షుగరు ఒక్కటీ చూసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో డిమెన్షియాకు దారితీసే, మార్చుకోగలిగిన కారణాలు పద్నాలుగు లెక్కపెట్టింది. అన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాను ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా వేసింది. అందులో మధుమేహం ఒకటి మాత్రమే. మధ్యవయసులో చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం, అధిక రక్తపోటు, పొగతాగడం, మద్యం, ఒంటరితనం, దిగులు, చూపు తగ్గడం, తలకు దెబ్బలు, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం, చదువు లేకపోవడం, గాలి కాలుష్యం మిగిలినవి.

షుగరు ఉన్నవారికి వీటిలో నాలుగైదు ఒకేసారి ఉంటాయి. బీపీ అదుపులో లేని షుగరు రోగి మెదడు నాళాలు రెండువైపుల నుంచి దెబ్బ తింటాయి. కంటి శుక్లం ముదిరేదాకా ఆగుదామనుకునే అలవాటు ఇంకా పోలేదు. మసకచూపుతో మనిషి పేపరు చదవడం, టీవీ చూడటం, నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు. చెవి వినపడకపోతే మాట్లాడటమే మానేస్తాడు. చెవి మిషను పెట్టుకోమంటే మా నాన్నగారు నామోషీ పడ్డారు. మేమూ బలవంతపెట్టలేదు. ఇప్పుడైతే బలవంతపెడతాను.

అన్నం పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు, తగ్గించాలి. మన కంచంలో అన్నం కొండలా, కూర గోరంతలా ఉంటుంది. ఒంటికి అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. కూర, పప్పు, ఆకుకూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది. జొన్నరొట్టె, రాగిసంగటి మంచివే, అవి కూడా పిండిపదార్థాలే అన్నది మరవకూడదు. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడక.

ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న, ముప్పు ఎక్కువగా ఉన్న 1,260 మందితో ఒక ప్రయోగం చేసి 2015లో ఫలితాలు చెప్పారు. తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ-షుగరు పర్యవేక్షణ, ఈ నాలుగూ కలిపి రెండేళ్లు చేయించిన బృందం జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో రెండో బృందంకంటే మెరుగైంది.

ఇంట్లో రెండు మూడు భాషలు మాట్లాడితే మంచిదట కదా?

ఈ సంగతి చెప్పిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోని మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ప్రచురించింది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ వంటివాటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారికంటే జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. షుగరుకు ఇది మందు కాదు. కానీ పాతబస్తీలో పండ్లు అమ్ముతూ ఉర్దూలో బేరమాడి తెలుగులో లెక్కచెప్పే మనిషి మెదడుకు రోజంతా పని దొరుకుతోందన్న ఆలోచన నాకు చాలా ఇష్టం.

పరీక్ష ఎలా చేస్తారు? అమ్మకు ఇంగ్లీషు రాదు, చదువూ తక్కువ.

తెలుగులోనే చేస్తారు, చేయమని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన జ్ఞాపకశక్తి పరీక్షల సముదాయం ఐదు భారతీయ భాషల్లో ఉంది, వాటిలో తెలుగు ఒకటి. తేదీ, ఊరు అడగడం, కొన్ని మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమనడం, బొమ్మ గీయమనడం, జంతువుల పేర్లు చెప్పమనడం, ఇలా ఉంటుంది. ఆ తరువాత రక్తపరీక్షలు, మెదడు స్కానింగ్. అరవై ఐదు దాటిన షుగరు రోగులందరికీ ఏటా ఒకసారి జ్ఞాపకశక్తి చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. మన దగ్గర చాలాచోట్ల చూడరు, మీరే అడగాలి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. అల్లోపతీ, ఆయుర్వేదం, నిద్రమాత్రలు, జలుబు మందులు అన్నీ. కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు తామే తికమక తెస్తాయి.

ఇప్పటికే డిమెన్షియా ఉంది. షుగరు ఎలా చూసుకోవాలి?

మందుల పెట్టె తాళం మీ చేతిలోకి రావాలి. ఇది పెద్దవారికి అవమానంగా ఉంటుంది. నాన్నగారు నెలరోజులు మాతో మాట్లాడలేదు. చివరికి ఆయన చేతికి ఖాళీ డబ్బా ఇచ్చి, ఏ పూటకాపూట మాత్ర అందులో పెట్టి, ఆయనే తీసి వేసుకునేలా చేశాం.

మందుల లెక్కను తేలిక చేయమని డాక్టరును అడగండి. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసే పద్ధతి మతిమరుపు మనిషితో సాగదు, రోజుకు ఒకసారికి మార్చే వీలుందేమో చూస్తారు. భోజనం ముందు వేసే ఇన్సులిన్ ఉంటే, ఆయన తింటారో లేదో తెలియని రోజున ఏం చేయాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. మా ఇంట్లో అలా రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. ఎవరు వంతుకు వచ్చినా చదువుకుంటారు.

దాహం వేస్తోందని చెప్పలేరు, కాలికి పుండు పడిందని చెప్పలేరు, నొప్పి అని చెప్పలేరు. రాత్రి పడుకోబెట్టేటప్పుడు పాదాలు రెండూ చేత్తో తడిమి చూడండి. గంట గంటకూ నీళ్లు మీరే అందించండి.

మేం అమెరికాలో ఉంటాం, అమ్మానాన్నలు గుంటూరులో. ఫోనులో ఎలా కనిపెట్టాలి?

"బాగున్నారా?" అని అడిగితే బాగున్నామనే చెబుతారు. పొద్దున ఏం తిన్నారు, నిన్న ఎవరు వచ్చారు అని అడగండి, జవాబు అమ్మను పక్కకు పిలిచి సరిచూడండి. మాత్ర వేళకు వీడియో కాల్ చేసి మీ కళ్ల ముందే వేసుకోమనండి. మీటరు అంకెలు వారం వారం తెప్పించుకోండి. 70 కంటే తక్కువవి ఉన్నాయా అని ముందు చూడండి, ఎక్కువవి తరువాత. తాళంచెవి ఒకటి నమ్మకస్తులైన పొరుగువారి దగ్గర ఉంచండి. పెద్దల కోసం కేంద్రం నడిపే సహాయ నంబరు 14567, మనసు బాగా లేనప్పుడు, చూసుకునేవారికి కూడా, టెలిమానస్ 14416. రెండింటికీ తెలుగులో మాట్లాడవచ్చు.

స్వీటు కావాలని పసిపిల్లాడిలా మారాం చేస్తున్నారు. ఇవ్వవచ్చా?

డిమెన్షియాలో తీపి మీద యావ పెరగడం జబ్బులో భాగమే. చేతిలోంచి లాక్కుంటే గొడవ తప్ప ఏమీ మిగలదు. స్వీట్లు కంటికి కనిపించకుండా ఉంచడం, జామకాయ ముక్కలు చేతికివ్వడం, మాట మరల్చడం చాలాసార్లు పనిచేస్తాయి. మొన్న ఉగాదికి నాన్నగారికి సగం బొబ్బట్టు పెట్టాం, ఆ పూట అన్నం తగ్గించాం. రెండు గంటల తరువాత చూస్తే 196 ఉంది. అమ్మ ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, పక్కనే 'బొబ్బట్టు, సగం, నెయ్యి లేదు' అని కూడా రాసింది.